కళ్లు మూస్తే కనిపించేది

ఒంట్లో హెచ్‌ఐవీ ఎంత ఉందో రక్తం చెబుతుంది. తలలో అది ఏం చేస్తోందో చెప్పేదెవరు? మూర్ఛకు తీసే ఈఈజీ పరీక్షను ఈ ప్రశ్న అడుగుతున్న శాస్త్రవేత్తల కథ ఇది.

తలస్నానం చేసి రండి, నూనె రాయకండి. ఈఈజీ పరీక్షకు చీటీ రాసిచ్చేటప్పుడు ముందుగా చెప్పే మాట ఇదే. మన దగ్గర చాలామంది మరచిపోయేదీ ఇదే. కొబ్బరినూనె జడతో వచ్చిన పెద్దావిడ తలలో జుట్టు పాయలు పాయలుగా విడదీసి, దూదితో మాడు రుద్ది, పేస్టు పెట్టి ఒక్కో లోహపు బిళ్లా అంటించేసరికి టెక్నీషియన్‌కి అరగంట పడుతుంది. అంతకుముందు టేపుతో కొలత ఉంటుంది. ముక్కు దూలం మొదలు నుంచి తల వెనక బుడిపె దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కొలిచి, ఆ దూరాన్ని నూటికి పది, ఇరవై పాళ్ల చొప్పున విడగొట్టి గుర్తులు పెడతారు. మాంట్రియల్‌లో పనిచేసిన హెర్బర్ట్ జాస్పర్ 1958లో ప్రకటించిన కొలత అది. గుంటూరైనా టొరంటో అయినా బిళ్లలు అవే చోట్ల కూర్చుంటాయి.

తర్వాత గదిలో లైటు తగ్గుతుంది. "కళ్లు మూసుకోండమ్మా. కదలకండి. నిద్రపోవద్దు."

అప్పటిదాకా తెర మీద గజిబిజిగా ఉన్న గీతల్లో, తల వెనక భాగం నుంచి వచ్చేవి ఒక్కసారిగా వరసలో పడతాయి. సెకనుకు సుమారు పది చొప్పున నున్నటి అలలు. "కళ్లు తెరవండి" అనగానే మాయం. మూస్తే మళ్లీ వస్తాయి. పనిలేని వేళ ఎద్దు నెమరు వేస్తుందే, అలాంటిది. కాడి భుజానికెక్కగానే నెమరు ఆగిపోతుంది. ఈ అలను ఆల్ఫా లయ అంటారు.

హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లలో ఈ ఆల్ఫా బలం తగ్గుతోందా? తగ్గితే, మనిషి మతిమరుపుతో తిప్పలు పడకముందే దాన్ని పట్టుకోగలమా? ముప్పై ఏళ్లకు పైగా నడుస్తున్న వెతుకులాట ఇది. మన రాష్ట్రాలకు ఇది దూరపు ముచ్చట అనుకోవద్దు. 2021 జాతీయ అంచనాల ప్రకారం దేశంలో హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లు సుమారు 24 లక్షలు. మహారాష్ట్ర తర్వాత స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, మూడు లక్షలకు పైగా. తెలంగాణలో సుమారు లక్షన్నర. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం వైరస్‌ను అణచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పుడు ముప్పైల్లో ఉండి మందులు మొదలుపెట్టినవాళ్లు ఇప్పుడు యాభైల్లో ఉన్నారు. బతికారు, పిల్లల పెళ్లిళ్లు చేశారు, ముసలితనం వైపు నడుస్తున్నారు. నెలనెలా మందులు తెచ్చుకుంటారు, రోగనిరోధక కణాల లెక్క (సీడీ4) చూపించుకుంటారు, రక్తంలో వైరస్ లెక్క (వైరల్ లోడ్) "కనపడటం లేదు" అనిపించుకుంటారు. "బుర్ర ఎలా పనిచేస్తోంది?" అని మాత్రం వాళ్లను అడిగేవాళ్లు అరుదు.

గుర్రం మీంచి పడ్డ కుర్రాడు

ఈఈజీ పుట్టుక కథలో ఒక టెలిగ్రాం ఉంది. 1890ల్లో జర్మనీలో సైనిక శిక్షణలో ఉన్న హాన్స్ బెర్గర్ అనే కుర్రాడు గుర్రం మీంచి పడి, ఫిరంగి బండి చక్రాల కింద నలిగిపోవాల్సింది, వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఆ సాయంత్రమే ఇంటి నుంచి టెలిగ్రాం: నువ్వు క్షేమమేనా? ఎక్కడో దూరాన ఉన్న అక్కకు తమ్ముడికేదో ఆపద అనిపించిందట, తండ్రిని పోరి పంపించింది. ఇది కాకతాళీయమని బెర్గర్ ఒప్పుకోలేకపోయాడు. తన భయం ఏదో రూపంలో అక్క మెదడును చేరిందనుకున్నాడు. ఆ శక్తిని కొలవాలని వైద్యం చదివి, యేనా నగరంలో మానసిక వైద్యుడయ్యాడు.

దొరకాలనుకున్నది దొరకలేదు. ఇంకొకటి దొరికింది. 1924 జులైలో ఆపరేషన్ కోసం పుర్రె తెరిచిన 17 ఏళ్ల అబ్బాయి తల మీంచి మొదటిసారి మనిషి మెదడు విద్యుత్తును నమోదు చేశాడు. జంతువుల మెదడులో విద్యుత్తు ఉందని లివర్‌పూల్‌లో రిచర్డ్ కేటన్ 1875లోనే చూపించాడు గానీ, మనిషిలో ఇదే మొదలు. నమ్మకం కుదరక బెర్గర్ అయిదేళ్లు ఎవరికీ చెప్పలేదు. 1929లో ప్రచురించాక కూడా పెద్దగా ఎవరూ లెక్కచేయలేదు. 1934లో కేంబ్రిడ్జ్‌లో నోబెల్ గ్రహీత ఎడ్గార్ ఏడ్రియన్ తన తలకే తీగలు తగిలించుకుని ఆల్ఫా అలలను సభలో చూపించాక గానీ లోకం ఒప్పుకోలేదు. ఆ ప్రయోగాల్లో మనిషి తలకు పోలికగా ఏడ్రియన్ తెచ్చుకున్నది ఒక నీటి పురుగును. దాని కంటి నరాల ముడిలోనూ అలాంటి లయే కనిపించింది! బెర్గర్ జీవితానికి చీకటి పేజీ కూడా ఉంది. నాజీల కాలంలో, మనుషులకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకు ఆదేశాలిచ్చిన కోర్టులో ఆయన కూర్చున్నాడు. 1941లో ఆత్మహత్య చేసుకున్నాడు.

తీగలు పట్టుకునేది ఎంత చిన్నదో చెబితే నమ్మబుద్ధి కాదు. టీవీ రిమోట్‌లో వేసే సెల్లు ఒకటిన్నర వోల్టులు. ఆల్ఫా అల అందులో సుమారు ముప్పై వేలో వంతు. ఒక్క నాడీకణం గొంతు పుర్రె దాటి వినపడదు. లక్షల కణాలు ఒకే తాళంలో కదిలితేనే పైకి తెలుస్తుంది. కోలాటం గుర్తు చేసుకోండి. వందమంది ఎవరికి తోచినట్టు వాళ్లు కర్రలు కొడితే రెండు వీధుల అవతలికి గోలే చేరుతుంది. అందరూ ఒక్క దెబ్బ మీద ఉంటే తాళం వినిపిస్తుంది. ఈఈజీ ఆ తాళాన్ని దూరం నుంచి వింటుంది. తాళం వేగాన్ని బట్టి పేర్లు పెట్టారు. సెకనుకు నాలుగుకు లోపు డెల్టా, నాలుగు నుంచి ఎనిమిది తీటా, ఎనిమిది నుంచి పదమూడు ఆల్ఫా, ఆపైన బీటా. గాఢనిద్రలో డెల్టా ఉంటుంది, తప్పులేదు. మెలకువగా కూర్చున్న పెద్ద మనిషి తలలో డెల్టా పెరిగి ఆల్ఫా తగ్గితే, లోపల ఏదో మందగించిందని అర్థం.

పోలీసు జీపెక్కి వచ్చిన దొంగ

1981 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు వచ్చిన వింత న్యుమోనియా గురించిన చిన్న నివేదికతో ఎయిడ్స్ లోకానికి తెలిసింది. మన దేశంలో 1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని నిర్మల పూనుకుని సేకరించిన రక్త నమూనాల్లో ఆరు పాజిటివ్‌గా తేలాయి. అప్పటికి అందరి దృష్టీ రోగనిరోధక శక్తి మీదే. ఒళ్లు చిక్కిపోవడం, క్షయ, నోట్లో తెల్లపూత ఇవే ఎయిడ్స్ గుర్తులు. అదే 1986లో న్యూయార్క్ వైద్యులు బ్రాడ్‌ఫర్డ్ నావియా, రిచర్డ్ ప్రైస్, మిత్రులు ఎయిడ్స్‌తో చనిపోయిన 70 మంది గురించి రాశారు. వారిలో 46 మందికి బతికుండగా తెలివి క్రమంగా మసకబారిందట. మాట నెమ్మదించడం, నడక తడబడటం, దేని మీదా ఆసక్తి లేకపోవడం. దానికి ఎయిడ్స్ డిమెన్షియా కాంప్లెక్స్ అని పేరు పెట్టారు.

వైరస్ మెదడులోకి ఎలా దూరుతుంది? రక్తానికీ మెదడుకూ మధ్య గట్టి కాపలా గోడ ఉంది. కానీ రక్తంలోని కాపలా కణాలకు ఆ గోడ దాటే అనుమతి ఉంది. హెచ్‌ఐవీ ఆ కణాల్లోనే దాక్కుంటుంది. అంటే దొంగ పోలీసు జీపెక్కి ఊళ్లోకి దిగాడన్నమాట. ఆలస్యమూ చేయదు. వైరస్ సోకిన ఎనిమిది రోజులకే మెదడు చుట్టూ ఉండే నీటిలో దాని జాడ కనిపించినట్టు బ్యాంకాక్‌లో పరిశోధకులు 2012లో రాశారు. అప్పటికి మామూలు రక్తపరీక్షలో పాజిటివ్ కూడా రాకపోవచ్చు.

లోపలికి వెళ్లాక అది చేసే పని కాస్త చిత్రం. ఆలోచించే నాడీకణాల్లోకి అది చొరబడదు. వాటి మధ్య ఉండే కాపలా కణాల్లో, మైక్రోగ్లియాలో, కాపురం పెడుతుంది. కాపురం పెట్టిన ఇంటి నుంచి పొగ వస్తుంది. వైరస్ వదిలే ప్రొటీన్లు (టాట్, జీపీ120 వాటిలో ముఖ్యమైనవి), వాపు కలిగించే రసాయనాలు కలిసి ఆ పొగ. చుట్టుపక్కల నాడీకణాలు చావకపోయినా వాటి మధ్య అతుకులు బలహీనపడతాయి. దెబ్బ ముందు తగిలేది మెదడు లోతుల్లో వేగాన్నీ కదలికనూ చూసుకునే చోట. అందుకే ఈ మతిమరుపు ఆల్జీమర్స్‌లా ఉండదు. మనవడి పేరు గుర్తుంటుంది. కానీ రెండు పనులు ఒకేసారి చేయాలంటే తడబాటు, మాటకు జవాబు ఆలస్యం. మనవాళ్ల మాటల్లో చెప్పాలంటే బుర్ర మొద్దుబారినట్టు. కోలాటంలో మనుషులంతా ఉన్నారు, తాళమే తప్పుతోంది. ఈఈజీ చెవికి అందాల్సింది సరిగ్గా ఇలాంటి లోపమే.

మందులొచ్చాక

1996లో మూడు మందులను కలిపి ఇచ్చే చికిత్స రావడంతో చావులు బాగా తగ్గాయి, తీవ్రమైన డిమెన్షియా కూడా అరుదైపోయింది. ఇందులో మనకూ వాటా ఉంది. అరబిందో, హెటెరో, లారస్ లాంటి హైదరాబాద్ కంపెనీల ఏఆర్‌టీ మందులు ఆఫ్రికా దాకా వెళ్తున్నాయి. అయితే తేలికపాటి మందగమనం పూర్తిగా పోలేదు. 2007లో ఇటలీలోని ఫ్రస్కాతి పేరుతో వచ్చిన ప్రమాణాలు దాన్ని మూడు మెట్లుగా విడగొట్టాయి: పరీక్షల్లో తప్ప బయటికి తెలియనిది, పనికి కొంత అడ్డొచ్చేది, డిమెన్షియా. ఆ మెట్ల ప్రకారం అమెరికాలో 1,555 మందిని పరీక్షించిన చార్టర్ అధ్యయనం 2010లో చెప్పిన లెక్క కలకలం రేపింది. 52 శాతం మందిలో ఏదో ఒక స్థాయి లోపం. అందులో డిమెన్షియా మాత్రం రెండు శాతమే. మిగిలినదానిలో ఎక్కువ భాగం మొదటి మెట్టు, అంటే ఆ మనిషికే తెలియనిది.

ఇక్కడ నేను ఒక పక్షం తీసుకుంటాను. తనకే ఇబ్బంది లేని మనిషికి "నీ మెదడు దెబ్బతింది" అని ముద్ర వేయడం వైద్యం కాదు. స్వీడన్‌కు చెందిన మాగ్నస్ యిస్లెన్ బృందం 2011లోనే లెక్క తీసింది: ఆ ప్రమాణాలతో కొలిస్తే ఏ జబ్బూ లేనివాళ్లలోనూ సుమారు 20 శాతం మంది ఆ జాబితాలోకి వస్తారు. 2023లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఇదే దారి పట్టింది. పరీక్షలో మార్కులు తగ్గినంత మాత్రాన లోపం అనొద్దు, మనిషి చెప్పే బాధా కారణమూ చూసి మాట్లాడండి అంది. ఎందుకంటే ఆ పెన్సిల్ పరీక్షల్లో చదువుకున్నవాడు గెలుస్తాడు. అంకెలు, అక్షరాలు వరసగా గీతతో కలపమంటే, ఎన్నడూ పెన్సిల్ పట్టని కూలి మనిషి చేయి ఆగుతుంది. అది వైరస్ చేసిన పనా, చిన్నప్పుడు బడి మానేయడం చేసిన పనా? ఆ కాగితం చెప్పలేదు.

గీతల్లో దొరికినవి

తలకు బిళ్లలు పెట్టి కళ్లు మూసుకోమంటే చదువు అక్కర్లేదు, భాష అక్కర్లేదు. ఈఈజీ మీద ఆశంతా ఇక్కడే పుట్టింది. ఎంఆర్ఐ యంత్రం అందుబాటులో లేని పట్టణంలోనూ ఈఈజీ ఉంటుంది, మూర్ఛ రోగులు ఉంటారు కాబట్టి.

1989లో 185 మంది హెచ్‌ఐవీ రోగుల ఈఈజీలు చూసిన ఒక బృందం, మెదడుకు జబ్బు సోకుతున్న సంగతిని ఈ పరీక్ష త్వరగా పట్టుకోగలదని రాసింది. మూడేళ్లకే, 1992లో, అమెరికాలో వేలమంది పురుషులను ఏళ్ల తరబడి వెంబడించిన మాక్స్ అధ్యయనం నుంచి మార్క్ నూవర్ బృందం ఎదురు తిరిగింది. లక్షణాలేమీ లేని హెచ్‌ఐవీ రోగుల ఈఈజీ మామూలువాళ్ల ఈఈజీలాగే ఉందని తేల్చింది. ఈ రెంటిలో ఏది నిజం? రెండూ కావచ్చు. కాగితం మీద గీతలను కంటితో చూసి "కాస్త నెమ్మదిగా ఉంది" అనడం ఒక రకం పరీక్ష, మనిషిని బట్టి మారుతుంది. పైగా ఎవరిని ఎంచుకున్నారన్నదీ ముఖ్యమే. జబ్బు ముదిరినవాళ్లను కలిపితే తేడా కనిపిస్తుంది, ఆరోగ్యంగా తిరుగుతున్నవాళ్లను మాత్రమే తీసుకుంటే కనిపించదు.

కంప్యూటర్లు వచ్చాక ఆట మారింది. రోమ్‌లో క్లౌదియో బాబిలోని బృందం కళ్లు మూసుకున్న మనిషి ఈఈజీని లెక్కల్లోకి దించింది. తల పైన పట్టుకున్న అలలను వెనక్కి లెక్కగట్టి, మెదడు పైపొరలో ఏ భాగం నుంచి ఏ వేగం ఎంత బలంగా వస్తోందో అంచనా వేసింది. ఇంకా మందులు మొదలుపెట్టని హెచ్‌ఐవీ రోగుల్లో ఆల్ఫా బలహీనంగా, డెల్టా ఎక్కువగా ఉన్నట్టు 2012లో ప్రకటించింది. తర్వాత చేసిన పని నాకు ఇంకా నచ్చింది. మందులు మొదలుపెట్టిన కొన్ని నెలలకు వాళ్లకే మళ్లీ బిళ్లలు పెట్టి చూసింది. అలలు మామూలు వైపు కొంత జరిగాయి. పక్కవాడితో పోల్చకుండా, మనిషిని నిన్నటి తనతో తాను పోల్చడం ఇది. చదువుకోని తెలుగు రైతుకూ రోమ్ ప్రొఫెసర్‌కూ ఇది ఒకేలా పనిచేస్తుంది, పెన్సిల్ పరీక్షలో దొరకని న్యాయం.

ఇంకో దారి కూడా ఉంది. ఆర్టీసీ బస్టాండులో మైకు గొంతు ఆగకుండా ఊళ్ల పేర్లు చదువుతుంటుంది, మనం వినం. మన ఊరి పేరు రాగానే చెవి నిక్కబొడుచుకుంటుంది. ప్రయోగశాలలో ఇదే నాటకం. చెవిలో ఒకే రకం శబ్దం పదేపదే వేస్తూ, మధ్యలో ఎప్పుడో ఒకసారి వేరే శబ్దం వేస్తారు. ఆ వింత శబ్దం విన్న సుమారు 300 మిల్లీసెకన్లకు, అంటే సెకనులో మూడో వంతు కన్నా ముందే, మెదడులో ఒక అల లేస్తుంది. పీ300 అంటారు. 1965లో న్యూయార్క్‌లో శామ్యూల్ సటన్ బృందం దీన్ని గుర్తించింది. హెచ్‌ఐవీ ఉన్న చాలామందిలో ఈ అల ఆలస్యంగా లేస్తుందని 1990 ప్రాంతం నుంచి అనేక అధ్యయనాలు చెబుతున్నాయి. మన ఊరి పేరు విన్నామన్న సంగతి కాస్త ఆలస్యంగా మనసుకు చేరుతోందన్నమాట.

మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన లెస్లీ ఫెలోస్, ఆనా ఫెర్నాండెజ్-క్రూజ్ కలిసి 2017లో మందుల యుగంలో వచ్చిన ఈఈజీ, ఎంఈజీ అధ్యయనాలన్నీ ఒకచోట పెట్టి చూశారు. తేడాలు ఉన్నాయి, కానీ ఎక్కువ అధ్యయనాలు చిన్నవి, పద్ధతులు ఒకదానితో ఒకటి కలవవు. అమెరికాలో ఒమాహాలోని టోనీ విల్సన్ బృందం ఎంఈజీతో, అంటే మెదడు అయస్కాంత తరంగాలతో, ఇంకా సూక్ష్మంగా ఇదే వెతుకుతోంది. ఆ యంత్రం ఖరీదు, దానికి కట్టాల్సిన ప్రత్యేక గది ఖర్చు చూస్తే అది మన జిల్లా ఆసుపత్రికి వచ్చేది కాదు. ఈఈజీ మన దగ్గర ఇప్పటికే ఉంది.

మన వైరస్ తీరు వేరు

పైన చెప్పిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం అమెరికా, యూరప్‌లలోనివి. అక్కడ తిరిగే వైరస్ బి రకం. మన దేశంలో దాదాపు అంతా సి రకం. తేడా ఎంత చిన్నదో చూడండి. టాట్ ప్రొటీన్‌లో 31వ స్థానంలో సిస్టీన్ ఉండాల్సిన చోట మన వైరస్‌లో ఎక్కువగా సెరీన్ ఉంటుంది. మాటలో ఒక్క అక్షరం మారినట్టు. ఆ మార్పు వల్ల టాట్‌కు కాపలా కణాలను మెదడు వైపు పిలిచే శక్తి తగ్గిందని బెంగళూరులో ఉదయకుమార్ రంగ బృందం 2004లో చూపించింది. అంతకుముందు బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు 1989 నుంచి 1996 వరకు చూసిన రోగుల లెక్క కూడా దీనికి తగ్గట్టే ఉంది. వారిలో మెదడు జబ్బంటే ఎక్కువగా క్షయ వల్ల, క్రిప్టోకాకస్ అనే ఫంగస్ వల్ల వచ్చే మెనింజైటిస్‌లే, అంటే మెదడు పొరల వాపులే. డిమెన్షియా అరుదు.

మన వైరస్ మంచిదని కొందరు అనుకున్నారు. ఆ ఊరట నిలవలేదు. చెన్నైలోనూ బెంగళూరులోనూ జాగ్రత్తగా పరీక్షిస్తే తేలికపాటి లోపాలు ఇక్కడా సగంమందికి దగ్గరగా, కొన్నిచోట్ల అంతకు మించి కనిపించాయి. అవీ పెన్సిల్ పరీక్షలే కాబట్టి ఇందాకటి అనుమానం వీటికీ వర్తిస్తుంది. ఇక్కడే తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన పని ఒకటి జరిగింది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం జ్ఞాపకశక్తి పరీక్షను తెలుగులోకి, మన అలవాట్లకు తగ్గట్టు మలిచింది. 648 మంది డిమెన్షియా రోగులను చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలవుతోందని 2013లో ప్రకటించింది. చదువురానివాళ్లలోనూ అంతే. ఆ అధ్యయనం హెచ్‌ఐవీ గురించి కాదు. కానీ మెదడును కొలిచేటప్పుడు బతుకును పక్కన పెట్టలేమని చూపించింది. తెలుగు, ఉర్దూ మాట్లాడే పాతబస్తీ మనిషి మెదడుకు బోస్టన్ కొలబద్ద సరిపోదు. సి రకం వైరస్ ఉన్న మన రోగుల ఈఈజీలు పెద్ద సంఖ్యలో, ఏళ్ల తరబడి సేకరించే పని మనమే చేసుకోవాలి. ఏఆర్‌టీ సెంటర్లు మన దగ్గర, రోగులు మన దగ్గర, ఈఈజీ గది అదే ఆసుపత్రిలో రెండో అంతస్తులో.

తెల్లవారుజామున నాలుగు గంటల బస్సు

ఇప్పుడు జాగ్రత్తలు. మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఈఈజీ చూసి ఒకరికి హెచ్‌ఐవీ ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. చెబుతానన్నవాడు మోసగాడు. దానికి హెచ్‌ఐవీ పరీక్షే చేయించుకోవాలి. ఈఈజీ చెప్పేది "ఇక్కడ తాళం నెమ్మదించింది" అని మాత్రమే. కాలేయం చెడినా నెమ్మదిస్తుంది, థైరాయిడ్ తగ్గినా, బి12 లోపించినా నెమ్మదించవచ్చు. మద్యం, కొన్ని మందులు కూడా అలలను మారుస్తాయి. కొన్నేళ్ల కిందటి దాకా మన ఏఆర్‌టీలో ఉన్న ఎఫవిరెంజ్ మాత్ర తల తిరుగుడు, వింత కలలు తెచ్చేది. ఇప్పుడు దాని స్థానంలో డోల్యుటెగ్రావిర్ వచ్చింది. తీవ్రమైన తలనొప్పి, జ్వరం, మెడ పట్టేయడం ఉంటే ఈఈజీ కోసం ఆగకూడదు. అది క్షయ మెనింజైటిస్ కావచ్చు, వెన్నునీరు పరీక్షకు పరుగెత్తాలి. రక్తంలో వైరస్ కనపడకపోయినా వెన్నునీటిలో మాత్రం ఉండే పరిస్థితి కూడా అరుదుగా ఎదురవుతుంది. దాన్నీ ఆ సూదే పట్టుకోవాలి.

రెండోది, అతి మామూలుది: నిద్ర. పల్లె నుంచి తెల్లవారుజామున నాలుగు గంటల బస్సెక్కి, ఓపీ చీటీ కోసం వరసలో నిలబడి, పదకొండు గంటలకు చీకటి గదిలో పడుకున్న మనిషిని కళ్లు మూసుకోమంటే ఏమవుతుంది? కునుకు పడుతుంది. కునుకులో ఆల్ఫా కరిగి తీటా వస్తుంది. నివేదికలో "నెమ్మదించింది" అని రాసుకుంటే తప్పు బస్సుది, వైరస్‌ది కాదు. కనురెప్ప కొట్టుకుంటే వచ్చే అల ఆల్ఫా కన్నా పెద్దది. పళ్లు బిగిస్తే, పక్కగదిలో పాత ఫ్యాను కరెంటు కలిస్తే గీతలు చెడతాయి. మంచి టెక్నీషియన్ ఇవన్నీ చూసుకుంటాడు, రోగిని మాటల్లో పెట్టి మెలకువగా ఉంచుతాడు. కృత్రిమ మేధకు ఈఈజీలు అప్పగిస్తే అన్నీ అదే చెబుతుందని ఇప్పుడు వినిపిస్తున్న మాటలను నేను కొంచెం దూరం నుంచే వింటున్నాను. చెడ్డ గీతను యంత్రానికి ఇస్తే చెడ్డ జవాబే ఇస్తుంది, కాకపోతే గట్టి గొంతుతో ఇస్తుంది.

మూడోది ముద్ర భయం. లారీ డ్రైవర్‌కు, అంగన్‌వాడీ ఆయాకు "మెదడు పనితీరులో లోపం" అని కాగితం వస్తే, అది ఎవరి చేతిలో పడుతుంది? మన దేశంలో 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. రోగి అర్థం చేసుకుని ఒప్పుకుంటేనే పరీక్షయినా పరిశోధనయినా చేయాలి, వివరాలు బయటపెట్టకూడదు, హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో ఉద్యోగం తీసేయకూడదు అంటుంది ఆ చట్టం. ఈఈజీ పరిశోధన ఎవరు చేసినా ఈ చట్టాన్ని ముందు పెట్టుకుని చేయాలి.

పరీక్ష ఏదైనా దాని వెనక ఒక పనికొచ్చే అడుగు ఉండాలి. బుర్ర నెమ్మదించిందని తెలిస్తే ఏం చేస్తాం? మందు సక్రమంగా పడుతోందో లేదో చూస్తాం. మాత్రలు మరచిపోతుంటే ఇంట్లో ఒకరిని గుర్తు చేయమంటాం. బి12, థైరాయిడ్, బీపీ, షుగర్ చూస్తాం. దిగులు జబ్బు ఉంటే చికిత్స ఇప్పిస్తాం, తాగుడు ఉంటే మాన్పిస్తాం. మందు మార్చాల్సి వస్తే మారుస్తాం. ఆర్నెల్ల తర్వాత మళ్లీ చూస్తాం. ఇవేవీ ఖరీదైనవి కావు.

ఈఈజీ దాకా వెళ్లకుండానే ఇంట్లోనో ఓపీలోనో చూడగలిగే చిన్న పరీక్ష ఒకటి ఉంది. 2005లో నెడ్ సాక్టర్ బృందం అమెరికాలోనూ ఉగాండాలోనూ పరీక్షించి ఇచ్చింది. నాలుగు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంటారు. అలవాటు లేని చేతి చూపుడువేలు, బొటనవేలు అయిదు సెకన్లలో ఎన్నిసార్లు తాటించగలరో లెక్కపెడతారు. తర్వాత పిడికిలి, అరచేయి, చేతి అంచు ఈ వరసలో బల్ల మీద ఆనించమంటారు. చివర్లో ఆ నాలుగు మాటలు అడుగుతారు. మొత్తం 12 మార్కులు, పది గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ఇంకా లోతుగా చూడాలి. అయిదు నిమిషాల పని, పెన్సిల్ అక్కర్లేదు. మార్కులు వేసుకుని భయపడొద్దు. తగ్గితే డాక్టరుకు చెప్పడానికి అదొక కారణం, అంతే.

మీరో, మీవాళ్లో ఏఆర్‌టీ మందులు వాడుతుంటే, ఈసారి సెంటర్‌కు వెళ్లినప్పుడు ఒక మాట చెప్పండి: మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండటం లేదు, డబ్బు లెక్కలో తడబడుతున్నాను, ముందులా చకచకా పని సాగడం లేదు. మీరే గమనించలేకపోతే ఇంట్లోవాళ్లను అడగండి, వాళ్లకు ముందే తెలిసి ఉంటుంది. వయసు మీద పడిందిలే అని ఊరుకోవద్దు. వైరల్ లోడ్ కనపడకపోవడం గొప్ప వార్తే, కానీ బుర్ర గురించి అది హామీ ఇవ్వదు. ఎవరిని అడగాలో తెలియకపోతే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 1097. డబ్బులు పడవు.